దుందుభి వాగు ఒడ్డున పాత చర్చి, కూలగొడతారట. ఆపే దారి ఉందా?

వాగుబాట
సంక్రాంతికి ముందు శనివారం దుందుభి వెంబడి నడిచాను. మిడ్జిల్ దాటాక బండి ఒక చింతచెట్టు కింద పెట్టి, అక్కడి నుంచి కిందికి, డిండి వైపు. ఊరి పేరు మాత్రం రాయను. పోయినసారి ఇక్కడే ఒక జలపాతం పేరు రాస్తే నెల తిరగకముందే అక్కడ బిర్యానీ ప్లేట్లు తేలాయి.

పొద్దున ఏడైనా మంచు విడవలేదు. వాగులో నీళ్లు చెక్‌డ్యామ్‌ల దగ్గర నిండుగా, మిగతా చోట్ల మోకాలి లోతు. ఇసుక తోడిన గుంతల్లో మాత్రం ఎంత లోతో తెలియదు, జాగ్రత్త. ఒడ్డున కంది కొడుతున్న పెద్దాయన "బండి చెడిపోయిందా సారూ" అని అడిగాడు. ఊరికే నడుస్తున్నానంటే నమ్మలేదు. మంటకాడ కూర్చోబెట్టి చాయ్ పోసి, "నిజం చెప్పు, భూమి చూడనీకి వచ్చినవా" అన్నాడు.

అక్కడి నుంచి కిలోమీటరు నడిచానో లేదో, ఈతచెట్ల వెనక ఎర్ర పెంకుల కప్పు కనిపించింది. చిన్న చర్చి. రాతి గోడలు రెండడుగుల మందం ఉంటాయి. కమాను కిటికీలు, గోపురం లేదు. ముంగిట రెండు రాతి కడీల మధ్య గంట వేలాడుతోంది. తలుపుకు తాళం లేదు, తీగ చుట్టి ఉంది. విప్పి లోపలికి వెళ్లాను.

కింద తాండూరు బండలు, గోడవారగా చుట్టిపెట్టిన చాపలు, దూలానికి పెట్రోమాక్స్ తగిలించే కొక్కెం. వేదిక పక్కన కీర్తనల నంబర్లు పెట్టే చెక్కబల్ల. మేకులకు రేకు అంకెలు తగిలించారు. 6 పోయినట్టుంది, 9ని తలకిందులుగా పెట్టారు. అక్కడ ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలియదు.

బయటికొస్తే ఇనుప చువ్వల కట్టలు, కంకర కుప్ప. ఒక పిల్లాడు చెప్పాడు, ఈస్టర్ అయ్యాక ఇది పడగొట్టి స్లాబు చర్చి కడతారట. మనసు ఒప్పుకోలేదు.

అడగాల్సినవి: రాలిపడిన ఒక పెంకు మీద 1865 అని ఉంది. అంటే చర్చి వయసు 160 ఏళ్లా? గంట మీద ఇంగ్లీషు అక్షరాలున్నాయి, తుప్పు వల్ల చదవలేకపోయాను. దీన్ని ఆపాలంటే ఎవరికి అర్జీ పెట్టాలి? ఫొటోలు కింద పెట్టాను.

చలిమంట
భూమి చూడనీకి వచ్చినవా 😂 ఆ పెద్దాయన తప్పేం లేదు. మా వైపు బూట్లు వేసుకుని వాగు వెంట నడిచేది ఇద్దరే, ప్లాట్ల వాళ్లు, ఇసుక వాళ్లు.

పాలమూరోడు
రెండో ఫొటో అదిరింది. మొసళ్లు లేవా అన్నా?

వాగుబాట
@పాలమూరోడు దుందుభిలో నాకైతే కనపడలేదు. అవి జూరాల వైపు.

డంగుసున్నం
1865 పెంకు మీద ఉంది, చర్చి మీద లేదు. బాసెల్ మిషన్ (స్విస్, జర్మన్ క్రైస్తవ మిషన్) వాళ్లు మంగళూరులో పెంకుల ఫ్యాక్టరీ పెట్టిన సంవత్సరం అది. అదే అంకె అచ్చులో ఉండిపోయి పెంకు పెంకుకూ పడింది. చార్మినార్ సిగరెట్ పెట్టె దొరికితే 1591 నాటిది అంటామా?

చలిమంట
మా మామ దగ్గర అలాంటి పెంకు ఒకటి ఉంది. పురాతనం అని షోకేసులో పెట్టుకున్నాడు. ఈ మాట ఆయనకు చెప్పను, పండగకు పిలవడం మానేస్తాడు.

మిషన్_కాంపౌండ్
@డంగుసున్నం చెప్పింది కరెక్ట్. 1865కి మన వైపు రైలే లేదు. కర్ణాటకలోని వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కు లైను పడిందే 1874లో.

నేను పుట్టి పెరిగింది మిషన్ కాంపౌండ్‌లో కాబట్టి కొంచెం పెద్దగా రాస్తా, ఓపిక లేనివాళ్లు దాటేయండి. నల్గొండలో మొదట స్థిరపడింది రష్యా సామ్రాజ్యం నుంచి వచ్చిన అబ్రహాం ఫ్రీసెన్, మారియా దంపతులు. 1889లో ఇండియాకు వచ్చారు, మరుసటి ఏడు నల్గొండ. మెన్నోనైట్ బ్రదరెన్ (ఎంబీ) అనే ప్రొటెస్టెంట్ శాఖ వాళ్లు, పనిచేసింది అమెరికన్ బాప్టిస్టు మిషన్ కింద. పాస్‌పోర్టు రష్యాది, ఇంట్లో మాట జర్మన్, బయట నేర్చుకున్నది తెలుగు. తర్వాత 1899లో అమెరికా మెన్నోనైట్ బ్రదరెన్ సొంతంగా ఎన్.ఎన్. హీబర్ట్ బృందాన్ని పంపింది. అక్కడి నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, దేవరకొండ, కల్వకుర్తి అంతా వాళ్ల క్షేత్రమే. మహబూబ్‌నగర్ మాత్రం బాప్టిస్టుల చేతిలో ఉండేది, 1937లో వీళ్లకు వచ్చింది. ఇప్పటికీ పాలమూరులో "ఎంబీ చర్చి" అంటే ఆటో అతను దారి అడగడు.

ఊళ్లలో కట్టిన చిన్న చర్చిల్లో చాలావాటికి రాతపూర్వక లెక్క ఉండదు. పగలు బడి, ఆదివారం ప్రార్థన, దొర గుర్రబ్బండి మీద వస్తే రాత్రి అందులోనే పడక. పెట్రోమాక్స్ కొక్కెం చూసి నాకు మా నాయన గుర్తొచ్చాడు. మ్యాంటిల్ ముట్టించడం ఆయన ఒక్కడికే వచ్చు, ఆ రోజు ఊళ్లో ఆయనదే రాజ్యం.

వయసు కావాలంటే ఇంకో పది పెంకులు తిప్పి చూడు. "కామన్వెల్త్" అని ఉంటే 1919 తర్వాతివి. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇంగ్లీషు వాళ్లు ఆ ఫ్యాక్టరీలను శత్రువుల ఆస్తి కింద లాక్కున్నారు, తర్వాత పేరు మారింది. అదీ పక్కా రుజువు కాదు. మధ్యలో ఎప్పుడో పెంకులు మార్చి ఉండొచ్చు.

బత్తాయితోట
కూలగొట్టనీయకండి. మా ఊరు దేవరకొండ అవతల. పదేళ్ల కింద మా పాత చర్చి తీసి స్లాబు వేశారు, గులాబీ రంగు. ఏప్రిల్‌లో లోపల ప్రసంగం పావుగంట దాటితే ముసలివాళ్లు బయట వేపచెట్టు కిందికి వచ్చేస్తారు. ఆరు ఫ్యాన్లు వేడిగాలినే తిప్పుతుంటాయి. పాత పెంకులు ఎవరో రిసార్టు కోసం లారీ ఎక్కించుకుపోయారు. ఎంత ఇచ్చారో ఎవరూ నోరు విప్పరు.

నడిచేకాళ్లు
పురావస్తు శాఖకు రాయండి. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది కదా. మెదక్ చర్చిని కాపాడుకోవడం లేదా?

మిషన్_కాంపౌండ్
మెదక్‌తో పోలిక వద్దు. అది కెథడ్రల్. కరువు రోజుల్లో జనానికి పని దొరకాలని పోస్నెట్ దొర 1914లో మొదలుపెడితే 1924 క్రిస్మస్‌కు పూర్తయింది. గోపురమే 173 అడుగులు. చూడడానికి జనం టికెట్ కొనుక్కుని బస్సెక్కి వస్తారు. వాగు పక్కన ఎనభై మంది పట్టే గదికి ఏ శాఖ వస్తుంది?

రేగడి
వచ్చినా కష్టమే. కేంద్రం రక్షిత కట్టడం అయితే 2010 సవరణ ప్రకారం 100 మీటర్ల లోపల కొత్త కట్టడం నిషేధం, ఆ పైన ఇంకో 200 మీటర్లు అనుమతి లేకుండా కుదరదు. దీన్ని అలా చేస్తారని కాదు, మాట వరసకు చెప్తున్నా. చర్చి బతుకుతుంది, పక్క ఇంటోళ్లు బాత్రూం కట్టుకోలేరు. అర్జీ పెట్టేముందు ఆ ఊరోళ్లను అడిగావా @వాగుబాట?

వాగుబాట
@రేగడి లేదు. ఆ పిల్లాడితో తప్ప ఎవరితోనూ మాట్లాడలేదు. పని ఉండి తొందరగా వచ్చేశాను.

కొత్తసభ్యురాలు77
ఈ చర్చ మా తమ్ముడు పంపితే చూశా. రాయడం కోసమే చేరాను. ఆ చర్చి మాది. మూడో ఫొటోలో కనబడే నీలం అంచు చాప మా అమ్మది.

తలుపు తీగ విప్పినందుకు మాకు బాధ లేదు, ఎవరైనా రావచ్చు. మళ్లీ చుట్టకుండా పోయారు చూడండి, దానికి. మేకలు లోపలికి దూరి రెండు చాపలు నమిలాయి, మిగతావి ఖరాబు చేశాయి. ఆదివారం పొద్దున ఆరాధన ముందు మా అమ్మ, ఇంకో ఇద్దరు అవ్వలు కూర్చుని బండలు కడిగారు. "ఎవడు వాడు" అని మా అమ్మ తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను, ఆమె సంఘ పెద్ద.

ఇక వారసత్వం గురించి. వానాకాలం రండి. వేదిక దగ్గర ఒక బకెట్, నడుమ రెండు, తలుపు దగ్గర ఒక తపేలా. పోయిన శ్రావణంలో ప్రార్థన నడుస్తుండగా రీపర్ (పెంకుల కింది చెక్కపట్టీ) విరిగి పెంకులు పడ్డాయి. ఒక పాపకు రెండు అంగుళాల పక్కన. క్రిస్మస్‌కు బొంబాయి, పుణే పోయినోళ్లంతా వస్తారు, మూడు వందల మంది. లోపల పట్టేది ఎనభై. మిగతావాళ్లం షామియానా కింద చలిలో. ఆ చువ్వలు, కంకర ఆరేళ్లు కూడబెట్టిన డబ్బు. మేస్త్రీ పనులకు పోయినోళ్లు నెల నెలా పంపింది. సిటీ వాళ్లకు కట్టిచ్చే అపార్ట్‌మెంట్లకు స్లాబు ఉండొచ్చు, మా చర్చికి ఉంటే మీ మనసు ఒప్పుకోదా?

చలిమంట
…

పాలమూరోడు
అక్క చెప్పింది నూటికి నూరు. మా ఊరి గోడలే మేము కట్టుకోలేం, ఊరూరా గోడలు కట్టేది మాత్రం పాలమూరు లేబరే.

వాగుబాట
తప్పు నాదే. తీగ సంగతి నిజంగా గుర్తులేదు. ఫొటోల పిచ్చిలో మర్చిపోయి ఉంటాను. చాపలు కొనిస్తాను, అమ్మగారికి నేనే వచ్చి చెప్పుకుంటాను. అర్జీ మాట వెనక్కి తీసుకుంటున్నా.

కొత్తసభ్యురాలు77
చాపలు వద్దు. వస్తే మాత్రం ముందు మా అమ్మకు కనపడండి, తర్వాత చర్చి. ఆమె తిడుతూనే అన్నం పెడుతుంది.

నడిచేకాళ్లు
అయినా ఒక మాట. ఇరుకైతే, కురిస్తే కూలగొట్టడమే దారి అంటే పాతది ఏదీ మిగలదు. వచ్చే తరానికి ఏం చూపిస్తాం?

రేగడి
@నడిచేకాళ్లు ఆ తరం అక్కడ బకెట్ పక్కన కూర్చుని ఉంది. చూపించాల్సిన పని లేదు.

నడిచేకాళ్లు
అది వాదన కాదు, దెబ్బ.

పాతపెంకు
ఇంతకీ ఆ స్థలం పట్టా ఎవరి పేరు మీద ఉంది? సర్టిఫికెట్‌లో ఒకటి, ఆదివారం ఇంకోటి అయినప్పుడు…

నిర్వాహకుడు
@పాతపెంకు ఆ దారిలోకి వద్దు. క్రైస్తవులైన ఎస్సీల కులం సర్టిఫికెట్ మీద, అంటే 1950 ఉత్తర్వు, బీసీ-సీ గొడవ మీద వేరే చర్చ ఉంది, 400 పోస్టులు అయ్యాయి, అక్కడ కొట్టుకోండి. ఇక్కడ రాయి, పెంకు, గంట.

కృష్ణ_ఒడ్డు
మా తాతల ఊరు శ్రీశైలం నీళ్ల కింద పోయింది. కూడవెల్లి సంగమేశ్వరం గుడిని రాయి రాయి విప్పి ఆలంపూర్‌లో నిలబెట్టారు, మంచిదే. మా వాడ చర్చిని ఎవరూ అడగలేదు. మా వాళ్లే దూలాలు, తలుపులు, పెంకులు విప్పి ఎడ్లబండ్ల మీద తెచ్చుకుని కొత్త ఊళ్లో రేకుల షెడ్డు లెక్క నిలబెట్టారు. ఇప్పుడున్న స్లాబు చర్చిలో వేదిక వెనక తలుపు ఆ పాతదే. ఎత్తు సరిపోక కింద నాలుగు అంగుళాలు చెక్క అతికించారు, ఆ అతుకు ఇప్పటికీ కనబడుతుంది. మా నాయనమ్మ ఉన్నన్నాళ్లు లోపలికి పోయేముందు దాన్ని తాకేది.

చెప్పేదేంటంటే @కొత్తసభ్యురాలు77, కూలగొట్టినా సరే, గుత్తకు మాత్రం ఇవ్వకండి. గుత్తోడు జేసీబీ తెస్తాడు. దూలాలు టేకువై ఉంటాయి, అరగంటలో ముక్కలు చేస్తాడు.

డంగుసున్నం
ఫొటోలు పెద్దవి చేసి చూశా. పాత ఇళ్ల మరమ్మతు నా పని, ఇరవై ఏళ్లుగా. రెండు వైపులా లేను, కనబడింది చెప్తా.

గోడలు బాగున్నాయి. డంగు సున్నంతో కట్టినవి. గానుగలో సున్నం, ఇసుక ఎడ్లతో తిప్పించి, బెల్లం, కరక్కాయ నానబెట్టిన నీళ్లు పోసి నూరేవాళ్లు. ఎక్కడా నిలువు పగులు లేదు, మూలలు విడిపోలేదు. నాలుగో ఫొటోలో కిందనుంచి మూడడుగులు సిమెంటు పూత కనబడుతోంది, అది ఎవరో మధ్యలో వేశారు. అదే శని. రాతిగోడ నేల నుంచి చెమ్మ పీల్చుకుని బయటికి వదులుతుంటుంది. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. చెమ్మ లోపలే పైకి ఎక్కి పూత పైన ఉప్పు తేలి రంగు పెచ్చులు ఊడుతుంది. జనం గోడ పాడైందనుకుంటారు. పాడైంది పూత.

కప్పు సంగతి వేరు. అక్క చెప్పినట్టు రీపర్లు పోయాయి, చెద. పెంకు కురవదు, పెంకు జారితే కురుస్తుంది. రీపర్ వంగితే పెంకు జారుతుంది. పెంకులన్నీ దించి, రీపర్లు కొత్తవి వేసి, మంచి పెంకులు తిరిగి పరిస్తే మళ్లీ కురవదు. నూటికి ఇరవై ముప్పై పెంకులు విరుగుతాయి, దానికి సిద్ధంగా ఉండాలి. పాత పెంకు కొలత, కొత్త పెంకు కొలత కలవవు. కాబట్టి ఒక వాలు మొత్తం పాతవి, రెండో వాలు కొత్తవి వేయాలి. కలిపారా, మళ్లీ బకెట్లు.

ఇక మూడు వందల మంది. ఇది నేను ఏం చేసినా ఎనభై మంది గదే. దాన్ని సాగదీయలేం. కిటికీలు పగలగొట్టి వరండా కలుపుతామని కొందరు మేస్త్రీలు చెప్తారు, వినకండి. కమాను బరువంతా ఆ కిటికీ పక్కల మీదే ఉంటుంది. స్థలం ఉంటే కొత్తది పక్కన కట్టుకోండి. లేకపోతే కూలగొట్టుకోండి. కానీ గోడ పాడైందని మాత్రం కూలగొట్టకండి, అది అబద్ధం.

కొత్తసభ్యురాలు77
మాకు చూసిన ఇంజనీరు గోడలు కూలిపోతాయన్నాడు.

డంగుసున్నం
కొత్తది కట్టే పని కూడా ఆయనదేనా?

కొత్తసభ్యురాలు77
అవును.

చలిమంట
కుక్కను మాంసం కొట్టుకు కాపలా పెట్టినట్టు.

రేగడి
ఊరికే అనుమానించొద్దు. కింది మూడడుగులు చూసి ఎవరికైనా భయం వేస్తుంది, నాకూ వేసింది.

కొత్తసభ్యురాలు77
తూర్పు వైపు స్థలం ఉంది, వేపచెట్టు అడ్డం. చెట్టు కొడదామంటే అవ్వలు ఒప్పుకోరు. చర్చి కూలగొట్టడానికి ఒప్పుకున్నారు కానీ చెట్టుకు ఒప్పుకోరు. పడమర వాగు. వానల్లో ఒకసారి మెట్ల దాకా వచ్చింది, అటు కట్టలేం. మా తాత చెప్పేవాడు, అప్పట్లో ఊళ్లో జాగా ఇవ్వలేదు కాబట్టే వాగు గడ్డ మీద కట్టుకున్నారట. రాయి అవతలి గుట్ట నుంచి. ఆదివారం వచ్చేవాళ్లు తలా ఒకటి మోసుకు రావాలి, పిల్లలకు చిన్నది. మా తాత మోసింది ఎడమ వైపు గోడలో ఉందని చూపించేవాడు, ప్రతిసారీ వేరే రాయి చూపించేవాడు.

పాలమూరోడు
😂❤️

బత్తాయితోట
ఉత్తరం వైపు?

కొత్తసభ్యురాలు77
సమాధులు.

మిషన్_కాంపౌండ్
కొత్తది కడితే కడతారు, కానీ ప్లాను ఇంటర్నెట్లో దొరికిన గోపురం బొమ్మ చూసి గీయించకండి. డోర్నకల్ వెళ్లి చూడండి. అజరయ్య బిషప్ కట్టించిన చర్చి, 1939లో ప్రతిష్ఠ. మన మండపాల స్తంభాలు, మసీదు గుమ్మటాలు అన్నీ కలిపి కట్టారు. తెల్ల దొరల చర్చి నకలు వద్దనే అలా కట్టించాడు ఆయన.

ఇంతకీ గంట ఎవరూ పట్టించుకోలేదు. ఫొటోలో ఎర్రతుప్పు ఉంది, అంటే కంచు కాదు. కంచుకు పచ్చచిలుము పడుతుంది. ఇనుమో ఉక్కో. అమెరికా నుంచి వచ్చిందని నా అనుమానం. @కొత్తసభ్యురాలు77 అక్షరాల మీద ముగ్గుపిండి రుద్ది పక్క నుంచి టార్చి కొట్టండి. గీకవద్దు.

కొత్తసభ్యురాలు77
పాత ఇనుము వాడు రెండుసార్లు తూకానికి అడిగాడు. కంచు కాదని తక్కువ రేటు చెప్పాడు, అందుకే మిగిలింది.

చలిమంట
కక్కుర్తి కాపాడిన వారసత్వం.

కొత్తసభ్యురాలు77
రుద్దాం. పిల్లలంతా పోగయ్యారు, ముగ్గుపిండి సగం వాళ్ల మొహాలకే. పైన సి.ఎస్. బెల్, దాని పక్కన హిల్స్‌బరో, చివర ఓ అని ఒక అక్షరం. ఇంకోచోట 24. అది 1924 అని మా తమ్ముడు అంటున్నాడు.

మిషన్_కాంపౌండ్
అనుకున్నదే! ఓహియో రాష్ట్రంలోని హిల్స్‌బరో. చివరి ఓ అంటే ఓహియో. బడులకు, పొలాలకు, చర్చిలకు ఉక్కు గంటలు పోతపోసి అమ్మిన కంపెనీ. 24 సంవత్సరం కాదు, కొలత. గంట మూతి వెడల్పు 24 అంగుళాలు. టేపు పెట్టి చూడండి.

కొత్తసభ్యురాలు77
టేపు పెట్టాం. సరిగ్గా 24.

పాలమూరోడు
గంటల కంపెనీ ఓనర్ ఇంటిపేరు బెల్లా? మరి మా ఇంటిపేరుతో మేము ఏం అమ్మాలి, కట్టెలా?

డంగుసున్నం
పెంకు మీది అంకె సంవత్సరం కాదు, గంట మీది అంకె సంవత్సరం కాదు. వాగుబాట ఈ రోజు నిద్రపోడు.

వాగుబాట
నిద్ర పోయింది మేకల విషయంలో.

కృష్ణ_ఒడ్డు
సంఘం ఏమంటోంది అక్కా?

కొత్తసభ్యురాలు77
ఆదివారం ఆరాధన అయ్యాక మాట్లాడుకున్నారు. గోడలు బాగున్నాయన్న మాట నేనే లేచి చెప్పా, ఆడపిల్ల ఇంజనీరు కంటే ఎక్కువ చదివిందా అని ఒకాయన. మా అమ్మ ఆయన వైపు చూసింది, కూర్చున్నాడు. యువకులు కొత్తదే కావాలంటున్నారు, వాళ్లు పంపిన డబ్బు, వాళ్ల మాట తీసేయలేం. పాస్టర్ గారు ఈస్టర్ దాకా ఆగుదాం, ఇంకొకరికి చూపిద్దాం అన్నారు. చువ్వలకు అప్పటిదాకా తుప్పు పట్టకుండా టార్పాలిన్ కప్పాం. @డంగుసున్నం మీరు వచ్చి చూస్తారా? ఫీజు ఎంతో ముందే చెప్పండి.

డంగుసున్నం
చూసినందుకు ఫీజు లేదు, పని చేస్తేనే. వచ్చే ఆదివారం మధ్యాహ్నం వస్తా. పైకెక్కి రీపర్లు పొడిచి చూడాలి. నిచ్చెన ఉందా?

కొత్తసభ్యురాలు77
ఉంది. నడుమ ఒక మెట్టు లేదు.

వాగుబాట
నిచ్చెన నేను తెస్తాను.

కొత్తసభ్యురాలు77
పోయేటప్పుడు తలుపు తీగ చుట్టండి.